తార్నాక దారి: ఒక వీధి చరిత్రను ఎలా చదవాలి?

వీధుల చరిత్ర రాసేటప్పుడు మన రచయితలు సాధారణంగా రెండు మార్గాల్లో ఏదో ఒకటి పడతారు. మొదటిది కట్టడాల మార్గం. ఏ భవనాన్ని ఏ సంవత్సరంలో ఎవరు కట్టించారో, శంకుస్థాపన ఎవరి చేతుల మీదుగా జరిగిందో, శైలి ఏమిటో రాసుకుంటూ పోతారు. అందులో కట్టించినవాడి పేరు ఉంటుంది, కట్టినవాడి పేరు ఉండదు. రెండోది జ్ఞాపకాల మార్గం. "మా రోజుల్లో ఈ రోడ్డు ఎంత ప్రశాంతంగా ఉండేదో!" అని మొదలుపెట్టి, చెట్ల నీడల్నీ, ఇరానీ హోటల్లో చాయినీ, సాయంకాలపు షికార్లనీ తలచుకొని నిట్టూర్పుతో ముగిస్తారు. ఆ ప్రశాంతత ఎవరిది, దానికోసం ఎవరు దూరంగా ఉండవలసి వచ్చింది అన్న ప్రశ్న అక్కడ తలెత్తదు. మొదటి మార్గం పాలకుల చూపు నుంచి వచ్చింది, రెండోది మధ్యతరగతి ఆత్మీయత నుంచి వచ్చింది. రెండింటిలోనూ కొంత సమాచారం దొరుకుతుంది గాని, వీధి ఎందుకు మారిందో తెలియదు.

ఒక దారిని దాని మీద నడిచినవాళ్ళ వైపు నుంచి, దాన్ని వేసినవాళ్ళ వైపు నుంచి చదవవచ్చా? అందుకు తార్నాక మంచి ఉదాహరణ అని నా అభిప్రాయం. సికింద్రాబాద్ నుంచి మెట్టుగూడ మీదుగా వచ్చి హబ్సిగూడ, ఉప్పల్ దాటి వరంగల్ వైపు పోయే పెద్ద రోడ్డు ఇక్కడ కూడలి అవుతుంది. దక్షిణానికి తిరిగితే ఉస్మానియా విశ్వవిద్యాలయం, అది దాటితే అడిక్‌మెట్, విద్యానగర్. ఉత్తరానికి తిరిగితే లాలాపేట, ఆ వైపునే మౌలాలీ, నాచారం. ఒక దిక్కున చదువు, ఒక దిక్కున రైల్వే, ఒక దిక్కున కార్ఖానాలు, ఒక దిక్కున పల్లెల నుంచి వచ్చే బస్సులు. ఈ నూరేళ్ళలో తెలంగాణ సమాజంలో వచ్చిన పెద్ద మార్పుల్లో ఈ కూడలిని తాకకుండా పోయినవి తక్కువ. అయినా మన సాహిత్యంలో తార్నాక చాలావరకు బస్సు ఎక్కి దిగే చోటుగానే మిగిలిపోయింది.

పేరులో ఉన్న కంచె

తార్నాక అనే పేరు ఎలా వచ్చిందో పెద్దలు చెప్పే మాట ఒకటుంది. పూర్వం ఇక్కడ ఒక తోట ఉండేదట. దాని చుట్టూ ముళ్ళతీగ కట్టి, దగ్గర్లో కాపలా చౌకీ పెట్టారట. ఉర్దూలో 'తార్' అంటే తీగ, 'నాకా' అంటే చౌకీ. రెండూ కలిసి తార్నాక అయింది. ఇది భాషాశాస్త్రవేత్త నిరూపించిన వ్యుత్పత్తి కాకపోవచ్చు. అయినా జనం నోట నిలిచిన వ్యుత్పత్తికి వేరే విలువ ఉంది. ఒక చోటు గురించి తమకు ఏది గుర్తుంచుకోదగిందిగా తోచిందో దాన్నే జనం పేరులో దాచుకుంటారు. ఇక్కడ వాళ్ళు తోటలో కాసిన పండును గుర్తుంచుకోలేదు, తోట చుట్టూ ఉన్న తీగను గుర్తుంచుకున్నారు. కారణం సులభంగానే ఊహించవచ్చు. పండు తిన్నవాళ్ళు కొద్దిమంది, తీగ అవతల ఆగిపోయినవాళ్ళు ఎక్కువమంది.

చుట్టుపక్కల పేర్లూ ఇలాంటివే. నిజాం సైన్యంలో పనిచేయడానికి ఆఫ్రికా నుంచి వచ్చిన హబ్షీల పేరుతో హబ్సిగూడ ఏర్పడిందంటారు. అడిక్‌మెట్ నేల 18వ శతాబ్దపు ఉర్దూ కవయిత్రి మహ్ లఖా బాయి చందా జాగీరులోనిదని చెబుతారు. ఉర్దూలో దివాన్ వెలువరించిన తొలి స్త్రీలలో ఆమె ఒకరు. 1824లో మరణించింది. ఆమె పేరున పిలిచే మెట్లబావి విశ్వవిద్యాలయపు నేలలో ఇప్పటికీ ఉంది. ఒక కవయిత్రి నేలమీద విశ్వవిద్యాలయం లేచిందని చెప్పుకోవడం మనకు ముచ్చటగానే ఉంటుంది. కాని ఆ నేల ఆమెకు జాగీరుగా వచ్చిందన్న సంగతి మరచిపోకూడదు. జాగీరంటే ఊరి శిస్తు మీద హక్కు, అంటే రైతు చెమట మీద హక్కు. నిజాం రాజ్యపు భూమిలో దాదాపు 60 శాతం దివానీ కింద, 10 శాతం నిజాం సొంత ఖర్చుల కోసం ఏర్పాటైన సర్ఫ్-ఎ-ఖాస్ కింద, మిగిలిన 30 శాతం జాగీర్ల కింద ఉండేదని చరిత్రకారులు లెక్కగట్టారు. 1949లో జాగీర్ల రద్దు దాకా ఈ ఏర్పాటు సాగింది. కవిత్వమూ, తోటా, బావీ, కంచే అన్నీ ఒకే భూమి సంబంధం నుంచి పుట్టాయి. వాటిలో కవిత్వాన్ని మాత్రం విడదీసి గౌరవించడం చారిత్రక దృష్టి అనిపించుకోదు.

రాయి

విశ్వవిద్యాలయం 1918లో ఏర్పడింది. మరుసటి ఏడాది తరగతులు మొదలైనప్పుడు దానికి సొంత భవనం లేదు. గన్‌ఫౌండ్రీ ప్రాంతంలో అద్దె ఇళ్ళలో పాఠాలు సాగాయి. స్థలం ఎంపికకు నగర నిర్మాణ శాస్త్రజ్ఞుడు పాట్రిక్ గెడ్డెస్ సలహా తీసుకున్నారు. చివరికి అడిక్‌మెట్ దగ్గర సుమారు 1,600 ఎకరాలు కేటాయించారు. ప్రపంచంలోని విశ్వవిద్యాలయ భవనాలు చూసి రమ్మని ఇద్దరు ఇంజనీర్లను, సయ్యద్ అలీ రజానూ జైన్ యార్ జంగ్‌నూ, దేశదేశాలకు పంపారు. బెల్జియం వాస్తుశిల్పి ఎర్నెస్ట్ జాస్పర్ రూపకల్పన చేశాడు. 1934 జూలై 5న ఆర్ట్స్ కాలేజీకి పునాదిరాయి పడింది, 1939 డిసెంబర్ 4న భవనం ప్రారంభమైంది. ఇవన్నీ ఏ పుస్తకం తెరిచినా దొరికే వివరాలు.

దొరకని వివరం ఒకటుంది. ఆ గ్రానైటును పగలగొట్టినదెవరు? చెక్కినదెవరు? మోసినదెవరు? క్యాంపస్‌కు ఆనుకొని మాణికేశ్వరినగర్ ఉంది. జనం నోట దాని పేరు వడ్డెర బస్తీ. విశ్వవిద్యాలయం కట్టే రోజుల్లో రాళ్ళు కొట్టడానికి వచ్చి ఇక్కడే నిలిచిపోయినవాళ్ళ సంతతి తామని బస్తీవాళ్ళు చెప్పుకుంటారు. వడ్డెరలు తరతరాలుగా రాతిపనీ మట్టిపనీ చేసి బతికినవాళ్ళు. బావి తవ్వాలన్నా, చెరువుకట్ట వెయ్యాలన్నా, గుట్టను పిండి చెయ్యాలన్నా వాళ్ళే రావాలి. గునపం, సమ్మెట, ఉలి, తట్ట వాళ్ళ ఆస్తి. పని ఉన్నచోట గుడిసె వేసుకోవడం, పని అయిపోతే గుడిసె పీక్కోవడం వాళ్ళ బతుకు. ఈసారి పని అయిపోయింది గాని వాళ్ళు కదలలేదు. తాము కట్టిన భవనానికి కూతవేటు దూరంలో, పట్టాలు లేని నేల మీద, తరాల తరబడి నిలబడిపోయారు.

నేను ఆ ఆర్ట్స్ కాలేజీలోనే రెండేళ్ళు ఎం.ఏ. తెలుగు చదివాను. రోజూ ఆ మెట్లెక్కి దిగాను. భవనంలో కాకతీయుల ఛాయలేవో, కుతుబ్‌షాహీల ఛాయలేవో, అజంతా ఎల్లోరాల అనుకరణ ఎక్కడుందో మాస్టర్లు చూపిస్తే చూశాను. ఉలి పట్టినవాడి గురించి ఒక్కరోజూ అడగలేదు. తరగతిలో శ్రమ విలువ మీద చర్చ జరిగిన రోజున కూడా అడగలేదు. ఇది నా ఒక్కడి లోపమే అయితే ఇక్కడ రాయనక్కరలేదు. మన సాహిత్య విద్య మొత్తానికి ఉన్న లోపం కాబట్టి రాస్తున్నాను. కట్టడాన్ని శైలిగా చదవడం నేర్పుతారు, శ్రమగా చదవడం నేర్పరు. పద్యాన్ని కూడా అలాగే చదివిస్తారు.

ఇంకొక సంగతి. పునాదిరాయి పడిన 1934లోనే సురవరం ప్రతాపరెడ్డి గోలకొండ కవుల సంచికను తెచ్చారు. తెలంగాణలో తెలుగు కవులే లేరన్న మాటకు జవాబుగా 354 మంది కవుల రచనల్ని ఒకచోట చేర్చి చూపించిన సంచిక అది. ఒకే సంవత్సరంలో, ఒకే నగరంలో, ఒకవైపు ప్రభుత్వ ఖజానాతో రాతి భవనం లేస్తున్నది. మరొకవైపు ఖజానా లేని ఒక పత్రికా సంపాదకుడు ఊరూరి నుంచి కవితలు ఏరుతున్నాడు. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తేనే ఆనాటి తెలుగువాడి స్థితి అర్థమవుతుంది.

బోర్డుల భాష

ఒక వీధి ఎవరిదో తెలుసుకోవాలంటే దాని బోర్డులు చదవాలి. తార్నాక దారి మీద ఈ నూరేళ్ళలో పెత్తనం చేసిన భాషలు వరసగా మారాయి.

ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధనాభాష ఉర్దూ. ఈ విషయంలో మనవాళ్ళు తరచు తొందరపడి తీర్పు చెబుతారు. దేశంలోని విశ్వవిద్యాలయాలన్నీ ఇంగ్లీషులో పాఠాలు చెబుతున్న కాలంలో, ఒక భారతీయ భాషలో వైద్యం, ఇంజనీరింగు, విజ్ఞానశాస్త్రాలు చెప్పవచ్చునని నిరూపించడం చిన్న విషయం కాదు. అనువాదాల కోసం 1917లోనే ఒక అనువాద సంస్థను నెలకొల్పి, పాఠ్యగ్రంథాలు తయారుచేయించి, పారిభాషిక పదాలు పుట్టించారు. వలస పాలకుల భాషా పెత్తనానికి అది ఒక జవాబు. అయితే ఆ భాష రాజ్యంలోని అత్యధికులు ఇంట్లో మాట్లాడుకునేది కాదు. తెలుగు, మరాఠీ, కన్నడం మాట్లాడే రైతు బిడ్డకు ఉర్దూ కూడా గడప అవతలి భాషే. రాయప్రోలు సుబ్బారావు అధ్యక్షతన తెలుగు శాఖ ఉన్నా, తెలుగు ఒక పాఠ్యాంశంగానే ఉంది, జ్ఞానానికి వాహిక కాలేదు. ఒక పెత్తనాన్ని ఎదిరించిన భాష మరొక చోట పెత్తనం చెయ్యగలదు. ఈ వైరుధ్యాన్ని గ్రహించకుండా ఉర్దూని పొగడడమూ తప్పే, తెగడడమూ తప్పే.

అదే ఉర్దూలో మఖ్దూం మొహియుద్దీన్ రాశాడన్న సంగతి కూడా మరవకూడదు. మెదక్ జిల్లా నుంచి వచ్చి, ఉస్మానియాలో ఎం.ఏ. చదివి, సిటీ కాలేజీలో పాఠాలు చెప్పి, ఉద్యోగం వదిలి కార్మికుల మధ్యకు పోయిన కవి. పాలకుడి భాష కార్మికుడి భాష కూడా కాగలదని అతని జీవితమే చెబుతుంది. భాషకు స్వతహాగా వర్గ స్వభావం ఉండదు, దాన్ని ఎవరు ఎవరికోసం వాడుతున్నారన్నదే ప్రశ్న.

1948 తర్వాత ఉర్దూ పోయింది. దాని స్థానంలోకి తెలుగు వస్తుందనుకున్నవాళ్ళు ఉన్నారు, కాని వచ్చింది ఇంగ్లీషు. తెలుగులో పై చదువుల పుస్తకాలు తయారు చేయడానికి తెలుగు అకాడమీ ఏర్పడేసరికి 1968 అయింది. ఈలోగా క్యాంపస్ అంచునే 1958లో కేంద్ర ఆంగ్ల సంస్థ వెలసింది. తర్వాత విదేశీ భాషల్ని కలుపుకొని, 2007లో కేంద్ర విశ్వవిద్యాలయంగా మారింది. తార్నాక బోర్డుల మీద తెలుగు లేదని కాదు. కిరాణా కొట్టు, టైలరింగు షాపు, సైకిలు రిపేరు, మిర్చి బండి తెలుగులో రాసుకున్నాయి. పెయింటరు చేతిరాతలో, ఒత్తులు అటూ ఇటూ అయినా, అది బతికిన తెలుగే. ఫ్లెక్సీ వచ్చాక ఆ పెయింటరూ పోయాడు, ఆ చేతిరాతా పోయింది. ఇప్పుడు బోర్డులో తెలుగు అక్షరాలు ఉంటాయి గాని మాటలు ఇంగ్లీషువి. మనం దీన్ని భాషాభిమానంతో ఏడ్చి వదిలెయ్యకూడదు. బోర్డు భాష మారడానికి ముందు కొట్టు యజమాని మారతాడు, దానికి ముందు అద్దె మారుతుంది.

ప్రయోగశాలలు, కాలనీలు

తార్నాక వీధి అసలు మార్పు 1940ల నుంచి 1980ల దాకా జరిగింది. 1944లో నిజాం ప్రభుత్వం పరిశ్రమల కోసం కేంద్ర ప్రయోగశాలలు ప్రారంభించింది. 1956లో అవి ప్రాంతీయ పరిశోధన ప్రయోగశాలగా కేంద్రం చేతికి వచ్చాయి. 1989లో పేరు మారి భారతీయ రసాయన సాంకేతిక సంస్థ అయినా, పాతవాళ్ళ నోట దాని పేరు 'ఆర్.ఆర్.ఎల్.' మాత్రమే. 1962లో సి.ఎస్.ఐ.ఆర్. డైరెక్టర్ జనరల్‌గా ఢిల్లీ వెళ్ళేదాకా దీనికి డైరెక్టరుగా ఉన్న సయ్యద్ హుసేన్ జహీర్, అభ్యుదయ రచయితల ఉద్యమ సంస్థాపకుల్లో ఒకరైన సజ్జాద్ జహీర్‌కు సోదరుడు. ఒక అన్నదమ్ముల జంటలో ఒకరు సాహిత్య ఉద్యమంలో, మరొకరు స్వదేశీ విజ్ఞానశాస్త్రంలో పనిచేయడం ఆ తరం ఆశల స్వరూపాన్ని తెలుపుతుంది. విజ్ఞానం, సాహిత్యం, ప్రజల బతుకు ఒకే దారిన నడుస్తాయని ఆ తరం నమ్మింది.

1958లో కూనూరు నుంచి పోషకాహార పరిశోధన సంస్థ ఇక్కడికి తరలివచ్చింది. 1961లో భూభౌతిక పరిశోధన సంస్థ వచ్చింది. 1966 అక్టోబర్ 2న దక్షిణ మధ్య రైల్వే ఏర్పడడంతో, 1893 నాటి లాలాగూడ వర్క్‌షాపు ఉన్న ఈ వైపు రైల్వే ఉద్యోగుల రాకపోకలు పెరిగాయి. 1967లో ఇ.సి.ఐ.ఎల్. వచ్చింది. 1977లో మొదలైన సి.సి.ఎం.బి. పదేళ్ళ తర్వాత సొంత భవనంలోకి చేరింది. రోడ్డు కార్మికుడికీ శాస్త్రజ్ఞుడికీ గుమాస్తాకీ విద్యార్థికీ ఉమ్మడి దారి అయింది. పొద్దున పూట టిఫిన్ క్యారియర్ పట్టుకొని బస్సు కోసం నిలబడ్డవాళ్ళలో అన్ని తరగతులవాళ్ళూ ఉండేవారు. తోటల స్థానంలో కాలనీలు లేచాయి, వీధులకు పేర్లకు బదులు నంబర్లు వచ్చాయి. ముందు భాగంలో ఇంటివాళ్ళు, వెనక పోర్షన్లో అద్దెకు ఇద్దరు ముగ్గురు విద్యార్థులు, కాంపౌండులో ఒక జామచెట్టు. జ్ఞాపకాల మార్గం రచయితలు ప్రేమించే తార్నాక ఇదే.

ఈ తార్నాకను నేనూ ప్రేమిస్తాను. ప్రభుత్వ రంగం మీద నమ్మకంతో పెరిగిన వీధి ఇది. చదువుకున్న పేదవాడికి ఇక్కడ ఒక ఉద్యోగం, ఒక క్వార్టరు, పిల్లలకు ఒక బడి దొరికే అవకాశం ఉండేది. రోడ్డు రవాణా కార్మికులకు ఆసుపత్రి కూడా ఈ తార్నాకలోనే ఉంది. కాని ఆ నమ్మకానికి ఉన్న పరిమితినీ చెప్పాలి. 1972లో పోషకాహార సంస్థలో జాతీయ పోషకాహార పర్యవేక్షణ విభాగం ఏర్పడింది. పల్లెల్లో మనిషి ఏం తింటున్నాడో, పిల్లవాడి బరువెంతో, ఎవరికి ఎన్ని కేలరీలు తక్కువయ్యాయో కొలిచి దేశానికి చెప్పిన విభాగం అది. చాలా గొప్ప పని. అయితే ఆకలిని కొలిచే సంస్థకు కొద్ది దూరంలోనే వడ్డెర బస్తీ ఉంది. కొలతకూ మార్పుకూ మధ్య దూరం ఎంతో తార్నాకలో నడిచి తెలుసుకోవచ్చు.

దారి మీదికి వచ్చినవాళ్ళు

ఈ దారి నడకకే కాక నినాదానికీ పనికివచ్చింది. 1938లో హాస్టల్లో వందేమాతరం పాడినందుకు వందలాది విద్యార్థుల్ని విశ్వవిద్యాలయం నుంచి వెళ్ళగొట్టారు. పి.వి. నరసింహారావుతో సహా చాలామంది నాగపూరు పోయి చదువుకోవలసి వచ్చింది. భవనం పూర్తికాక ముందే దాని తలుపులు విద్యార్థి మీద మూసుకున్నాయన్న మాట. 1969లో ప్రత్యేక తెలంగాణ ఉద్యమానికి క్యాంపస్ కేంద్రమైంది. తరగతులు ఆగిపోయాయి, కాల్పుల్లో ఎందరో యువకులు చనిపోయారు. 1972 ఏప్రిల్ 14న విద్యార్థి నాయకుడు జార్జిరెడ్డిని ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్ దగ్గర పొడిచి చంపారు. ఆ మరణం తర్వాత ఈ నేల మీద పుట్టిన విద్యార్థి ఉద్యమం ఒక తరం కవిత్వాన్ని, ఒక తరం జీవితాల్ని మార్చింది.

2009 నవంబరు చివర, తర్వాతి నెలల్లో, క్యాంపస్ మళ్ళీ రణరంగం అయింది. ఎన్.సి.సి. గేటు దగ్గర, తార్నాక వైపు దారిలో ఇనుప అడ్డుకట్టలు, ముళ్ళతీగ చుట్టలు, సాయుధ బలగాలు నిలిచాయి. 2010 ఫిబ్రవరిలో ఆ గేటు దగ్గరే ఒక విద్యార్థి ఒంటికి నిప్పంటించుకొని ప్రాణం వదిలాడు. నేను ఇంతకుముందు తార్నాక పేరు గురించి ఎందుకు అంత సేపు చెప్పానో పాఠకులు ఇప్పుడు గ్రహించే ఉంటారు. తోట పోయింది, నిజాం పోయాడు, జాగీరు పోయింది. తీగా, నాకా మాత్రం అవసరమైనప్పుడల్లా బయటికి వస్తూనే ఉన్నాయి. 2014లో రాష్ట్రం వచ్చింది. 2025 మార్చిలో విభాగాల్లోనూ కాలేజీల్లోనూ పాలనా భవనాల ఆవరణల్లోనూ ధర్నాలూ నినాదాలూ చేయకూడదని విశ్వవిద్యాలయం సర్క్యులర్ ఇచ్చింది. విద్యార్థి సంఘాలు నిరసించాయి, వివాదం హైకోర్టు దాకా వెళ్ళింది. రాష్ట్రాన్ని తెచ్చిన నినాదాన్ని పాఠంగా చెప్పుకుంటూ, కొత్త నినాదాన్ని నేరంగా చూడడం పాలకవర్గాల పాత అలవాటే. ఇనుప తీగకు బదులు కాగితం వచ్చింది.

స్తంభాల కాలం

1991 తర్వాత మారిన ఆర్థిక విధానాలు తార్నాకకు చేరడానికి ఎక్కువ కాలం పట్టలేదు. జామచెట్టు ఉన్న ఇంటి స్థలం అపార్టుమెంటు అయింది. వెనక పోర్షన్ పోయి, ప్రైవేటు హాస్టలు వచ్చింది. ఒక గదిలో నాలుగు మంచాలు, మంచానికి నెల అద్దె. ప్రభుత్వరంగంలో ఉద్యోగాలు తగ్గినకొద్దీ ఉద్యోగ పరీక్షల కోచింగు పెరిగింది. విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఇవాళ పరిశోధన కోసం కూర్చున్నవాడి కంటే గ్రూప్ పరీక్షల కోసం కూర్చున్నవాడే ఎక్కువగా కనిపిస్తాడు. 2022 అక్టోబరులో జరిగిన గ్రూప్-1 ప్రాథమిక పరీక్ష ప్రశ్నపత్రాల లీకు వల్ల 2023 మార్చిలో రద్దయింది. మళ్ళీ 2023 జూన్‌లో జరిపితే అదీ కోర్టులో నిలవలేదు. అన్నం కూర వండుకొని, పుస్తకం ముందేసుకొని, ముప్పై దాటిన వయసుతో కూర్చున్నవాడికి ఆ వార్తలు ఏమి చేశాయో మన కథల్లో ఇంకా రావలసినంత రాలేదు.

2017 నవంబర్ 29 నుంచి తార్నాక మీదుగా మెట్రో రైలు నడుస్తున్నది. మెట్రో వద్దనడం నా ఉద్దేశం కాదు. ఉప్పల్ నుంచి అమీర్‌పేటకు పనికి పోయే అమ్మాయికి గంట మిగిలితే అది మంచిదే. కాని రెండు విషయాలు గమనించాలి. మొదటిది, బస్సులో ఒకే కడ్డీ పట్టుకొని నిలబడిన శాస్త్రజ్ఞుడూ కూలీ ఇప్పుడు వేర్వేరు అంతస్తుల్లో ప్రయాణిస్తున్నారు. టిక్కెట్టు ధర ఇద్దరినీ విడదీసింది. 2019లో ఆర్టీసీ కార్మికులు 52 రోజులు సమ్మె చేస్తే, ఆ సమ్మె ఎవరికి కష్టమైందో ఎవరికి వార్త మాత్రమే అయిందో ఈ విభజన వల్లనే తెలిసింది. రెండోది, రోడ్డు మధ్యన లేచిన స్తంభాలతో పాటు ఫుట్‌పాత్ మీది బతుకూ మారింది. పాత పుస్తకాలవాడూ, చెప్పులు కుట్టేవాడూ, మిర్చి బండివాడూ పక్క వీధుల్లోకి జరగవలసి వచ్చింది. స్తంభాల పనికి వచ్చిన కూలీలు దూర రాష్ట్రాలవాళ్ళు. వాళ్ళు తాత్కాలిక రేకుల షెడ్లలో ఉండి, పని కాగానే వెళ్ళిపోయారు. వడ్డెరలు కనీసం ఒక బస్తీనీ, ఒక పేరునూ మిగుల్చుకున్నారు. వీళ్ళ పేర్లు ఏ బస్తీలోనూ మిగలలేదు.

సాహిత్యం చేసిన పని, చెయ్యని పని

ఈ నేల గురించి తెలుగులో వచ్చిన రచనల్లో నవీన్ 'అంపశయ్య'ను ముందు చెప్పుకోవాలి. 1969లో వెలువడిన ఈ నవల ఉస్మానియా హాస్టల్లో ఉండే రవి అనే విద్యార్థి ఒక్క రోజు అనుభవం. విమర్శకులు దీని చైతన్యస్రవంతి శిల్పాన్ని ఎక్కువగా చర్చించారు. శిల్పం కన్నా ముఖ్యమైంది, పల్లె నుంచి వచ్చిన పేద విద్యార్థికి ఈ రాతి భవనాలు ఎలా కనిపించాయో ఆ నవల నమోదు చేయడం. మెస్ బిల్లు, పరీక్ష, సిగ్గు, ఆకలి, ఆత్మన్యూనత — ఇవన్నీ ఈ క్యాంపస్‌లో జీవించినవాడు రాసినవి. ఉద్యమం రోడ్డుమీదికి వచ్చిన సంవత్సరంలోనే ఆ నవల రావడం కూడా గమనించదగింది. బయట నినాదం వినబడుతున్నప్పుడు లోపల మనిషి ఏం ఆలోచిస్తున్నాడో అది చెప్పింది.

దాని తర్వాత అర్ధశతాబ్దం గడిచింది. క్యాంపస్ మీద, అమరుల మీద కవితలు చాలా వచ్చాయి, రావలసిందే. కాని అభ్యుదయ, విప్లవ కవిత్వమూ కొంతవరకు కట్టడాల మార్గంలోనే నడిచిందని ఒప్పుకోవాలి. ఆర్ట్స్ కాలేజీని పోరాట చిహ్నంగా వాడుకుంది గాని, ఆ చిహ్నాన్ని చెక్కిన చేతుల్ని వెతకలేదు. జెండా పట్టిన చేయి కనిపించినంతగా తట్ట మోసిన చేయి కనిపించలేదు. ఇది ఎవరినో తప్పుపట్టడానికి అంటున్న మాట కాదు, మన చూపు ఎక్కడ ఆగిపోతున్నదో చెప్పడానికి.

మార్గం లేదా? ఉంది, అది ఈ క్యాంపస్‌లోనే ఉంది. బిరుదురాజు రామరాజు ఇదే విశ్వవిద్యాలయంలో 1950లలో జానపద గేయాల మీద పరిశోధన చేశారు. పల్లెలు తిరిగి, పాడేవాళ్ళ దగ్గర కూర్చొని, నోటి నుంచి నోటికి వచ్చిన పాటను కాగితం మీదికి తెచ్చారు. పండితులు సాహిత్యంగా ఒప్పుకోని దాన్ని డాక్టరేటు స్థాయికి తెచ్చిన ఘనత ఆయనది. ఆ పద్ధతి గోడ అవతలి బస్తీ దాకా ఎంతవరకు చేరిందో మనల్ని మనం ప్రశ్నించుకోవాలి. సమ్మెట ఎత్తేటప్పుడు పలికే ఊత మాటలు, రాయి జాతుల పేర్లు, పనిముట్ల పేర్లు, ఊరు వదిలివచ్చిన కథలు, కూల్చివేత భయాలు ఆ బస్తీ ముసలివాళ్ళ దగ్గర ఉంటాయి. వాళ్ళ మనుమలకు అవి అక్కరలేకపోవచ్చు. ఇంకో పది పదిహేనేళ్ళు గడిస్తే అడిగినా చెప్పేవాళ్ళుండరు.

బడిపంతులుగా నాకు తెలిసిన ఒక విషయం చెప్పి ముగిస్తాను. 'మా వీధి' అని వ్యాసం రాయమంటే పిల్లలు నూటికి తొంభైమంది ఒకే మాట రాస్తారు. "మా వీధి చాలా అందమైనది. మా వీధిలో చెట్లు కలవు." వాళ్ళుండే వీధిలో చెట్టు లేదు, మురుగు కాలువ ఉంది. మేస్త్రీ పనికి పోయే తండ్రి ఉన్నాడు. అవి వ్యాసంలోకి రాకూడదని పిల్లవాడికి ఎవరు చెప్పారు? మనమే చెప్పాం, పాఠ్యపుస్తకాలతో చెప్పాం, మనం మెచ్చుకొన్న రచనలతో చెప్పాం. తార్నాక మీద మన జ్ఞాపకాల వ్యాసాలు కూడా ఎదిగినవాళ్ళు రాసిన 'మా వీధి' వ్యాసాలే.

సాహిత్య విద్యార్థులకు నా సూచన ఇది. ఎం.ఏ.లో ఒక లఘు పరిశోధనకు అవకాశం ఉన్నప్పుడు ఇప్పటికే నలభై పరిశోధనలు వచ్చిన కావ్యాన్ని వదిలి, ఒక్క కిలోమీటరు దారిని తీసుకోండి. ఆర్ట్స్ కాలేజీ మెట్ల నుంచి బయలుదేరి వడ్డెర బస్తీ దాకా నడవండి. అక్కడి నుంచి తార్నాక కూడలికి, కూడలి నుంచి ప్రైవేటు హాస్టళ్ళున్న వీధికి నడవండి. ప్రతి చోటా ఎవరు ఎప్పుడు వచ్చారు, ఏ పని మీద వచ్చారు, ఎవరి చేత ఖాళీ చేయించబడ్డారు అని అడిగి రాసుకోండి. కథలు రాసే మిత్రులు ఆ నోట్సు చదవండి. రవి తర్వాతి నవల అందులో ఉండవచ్చు. దానికి కథానాయకుడు గ్రంథాలయంలో కూర్చున్న నిరుద్యోగే కావచ్చు, రాయి కొట్టినవాడి మనుమరాలే కావచ్చు. ఆ మనుమరాలు ఆ భవనంలోనే తెలుగు ఎం.ఏ. చదువుతూ ఉండటం అసంభవమేమీ కాదు. ఆమె వచ్చి మనల్ని అడగకముందే ఆ రాయి గురించి మనం అడగడం మొదలుపెట్టాలి.